ఇల్లు చూడ్డానికి వస్తారట

(అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల స్త్రీలు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు, కొనేవాళ్ళు వచ్చి చూసేలోగా మనం ఏమేం సిద్ధం చేసుకోవాలో చెప్పమని అడిగితే మొదట తటపటాయించాను. ఇంజనీరో, వకీలో చెప్పాల్సిన సంగతి కదా, సమాజశాస్త్రం చదువుకున్న మనిషికి ఇందులో ఏం పని అనుకున్నాను. తీరా ఆలోచిస్తే ఇది నాకు దగ్గరగా తెలిసిన విషయమే. ఎల్లారెడ్డిగూడలో మా అమ్మ ఉండిన ఫ్లాటు అమ్మినప్పుడు ఆ తతంగమంతా పక్కనుండి చూశాను. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల అమ్మకాలు జరిగిన ఇళ్ళల్లో ఆడవాళ్ళతో మాట్లాడుతూ వచ్చాను. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో కూడా కనీసం ముగ్గురి ఇళ్ళు ఇప్పుడు బేరంలో ఉన్నాయని తెలుసు. కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

మా అమ్మ ఇంటి సంగతితోనే మొదలుపెడతాను. ఆదివారం పొద్దున పది గంటలకి వస్తామని బ్రోకరు ఫోను చేశాడు. అమ్మ నాలుగింటికే లేచింది. గిన్నెలు తోమి బోర్లించింది, బాల్కనీలో ఆరేసిన బట్టలన్నీ తీసి మంచం కింద పెట్టెలో కుక్కింది, గడప కడిగి ముగ్గేసింది, అరలీటరు పాలు ఎక్కువ తెప్పించింది. అంతకు వారం ముందే మా తమ్ముడు మనిషిని పంపించి, వెనక గదిలో గోడకి రెండు కోట్లు సున్నం వేయించాడు. అది పై అంతస్తు ఫ్లాటు. నాలుగేళ్ళుగా వాన పడ్డప్పుడల్లా టెర్రస్ నుండి ఆ గోడలోకి చెమ్మ దిగుతోంది. "వాళ్ళొచ్చినప్పుడు గోడ సంగతి ఎత్తకమ్మా" అని ఫోనులో రెండుసార్లు చెప్పాడు.

వచ్చినవాళ్ళు అయిదుగురు. తలుపు తీసిన అమ్మని చూసి పెద్దాయన అడిగిన మొదటి మాట: "ఇంట్లో మగవాళ్ళెవరూ లేరామ్మా?" అమ్మ, "నేనున్నాను కదండీ, ఏం కావాలో అడగండి" అంది. ఆయన అడగలేదు. బ్రోకరు తమ్ముడికి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. బెంగుళూరులో ఉన్న తమ్ముడు, అమీర్‌పేటలో ఇంట్లోకి నీళ్ళెప్పుడొస్తాయో చెబుతున్నాడు. "రోజూ వస్తాయండీ, ఏం ఇబ్బంది లేదు." వంటింటి గుమ్మంలో టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ అమ్మ, "రోజు విడిచి రోజు నాయనా, అదీ తెల్లవారుజామున" అంది. అందరూ ఆమె వైపు తిరిగి చూశారు, అప్పుడే ఆవిడ ఆ గదిలోకి వచ్చినట్టు.

పెళ్ళిచూపులు నాకు తలపుకొచ్చాయి. అక్కడా ఇల్లు కడుగుతారు, ఫలహారాలు చేస్తారు, లోపాలు దాస్తారు. మాట్లాడేది మాత్రం మగవాళ్ళు. ఇక్కడ చూపులు ఇంటికి, అంతే తేడా. ఇంటిని చూపులకి ముస్తాబు చేసేది ఆడది. ఇంటి గురించి తెలిసింది ఆమెకి. చెప్పేది మరొకరు, సంతకం మరొకరిది, డబ్బు ఇంకొకరి ఖాతాలో. ఈ మూడూ వేరువేరు చేతుల్లో ఎందుకున్నాయి అన్నదే ఈ రోజు మన ప్రశ్న. చీపురు పట్టుకుని మొదలయ్యే సిద్ధం కావడం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. అది మనకి పుట్టినప్పటినుండి నేర్పుతూనే ఉన్నారు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోనులో, "ఇన్‌స్పెక్షన్ అయిందా?" అని అడుగుతుంటారు. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఇల్లు కొనేవాడు ఒక ఇన్‌స్పెక్టరుకి ఫీజు ఇచ్చి పంపిస్తాడు. అతను కప్పు దగ్గర్నుండి మురుగు గొట్టం దాకా చూసి రాసిస్తాడు. మనకి అలాంటి ఒక్క మనిషి రాడు. విడతలు విడతలుగా నలుగురొస్తారు. మొదట కొనేవాళ్ళ కుటుంబం. తర్వాత వాస్తు చూసే సిద్ధాంతి. ఆ తర్వాత తెలిసిన ఇంజనీరో, అప్పు తీసుకుంటుంటే బ్యాంకు పంపిన వాల్యూయరో. చివరికి వకీలు, ఆయన ఇంటికి రాడు, కాగితాలు తన దగ్గరికి తెప్పించుకుంటాడు. ఈ నలుగురూ చూసేవి వేరువేరు. మొదటివాళ్ళ కోసం మనం ఇల్లంతా తుడుస్తాం. కానీ బేరం నిలబడేదీ చెడేదీ చివరి ఇద్దరి దగ్గర.

వాస్తు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఈశాన్యంలో బాత్రూము ఉందని ఒకడూ, గుమ్మం ఒక జానెడు జరపాలని ఒకడూ అంటాడు. కొనేవాడు ఇంకా బయానా కూడా ఇవ్వకముందే, వాడి సిద్ధాంతి మాట మీద గోడలు పగలగొట్టించిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. అపార్ట్‌మెంటులో ఏ గోడ దేన్ని మోస్తుందో తెలియకుండా చెయ్యి వెయ్యకూడదు. కొన్నాక వాళ్ళ ఇల్లు, వాళ్ళ ఇష్టం.

ఇక ఇంజనీరు చూసేది. అమీర్‌పేటలో, పంజాగుట్టలో ఇప్పుడు అమ్మకానికొస్తున్న పాత ఫ్లాట్లలో చాలావాటికి ముప్ఫై ఏళ్ళు దాటాయి. జామచెట్టూ బావీ ఉన్న విడి ఇళ్ళని బిల్డర్లకి ఇచ్చి, సగం మీకు సగం మాకు అని డెవలప్‌మెంటు అగ్రిమెంట్లు రాసుకున్న కాలంలో లేచినవి. ద్వారకాపురి కాలనీలో తిరిగినా, శ్రీనివాసనగర్‌లో తిరిగినా ఇలాంటివి కనబడతాయి. 2017 నవంబరులో మియాపూర్ నుండి అమీర్‌పేట మీదుగా నాగోలుకి, 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి పంజాగుట్ట మీదుగా ఎల్బీనగర్‌కి మెట్రో నడవడం మొదలయ్యాక, "మెట్రోకి అయిదు నిమిషాలు" అన్న మాట బ్రోకర్లకి ఊతపదమైంది. అయితే మెట్రో దగ్గరైనంత మాత్రాన స్లాబులో ఇనుము తుప్పు పట్టకుండా ఉండదు. పెచ్చులూడుతున్న కప్పు, ఊచ బయటపడ్డ బాల్కనీ అంచు, పై బాత్రూము నుండి కింది ఫ్లాటులోకి దిగుతున్న నీళ్ళు, కిటికీ మూల నుండి ఏటవాలుగా పాకిన పగులు, బోరులో నీళ్ళు ఏ నెలలో అడుగంటుతాయి, సంపు ఎవరిది, లిఫ్టు చివరిసారి ఎప్పుడు బాగుచేయించారు, పార్కింగు స్థలం దస్తావేజులో రాసి ఉందా లేక మాట మీద నడుస్తోందా - చూసేవాడికి పని తెలిస్తే ఇవన్నీ చూస్తాడు. 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో నగరం మునిగినప్పుడు ఈ సందులోకి నీళ్ళొచ్చాయా అని కూడా అడుగుతాడు. వానాకాలంలో మైత్రీవనం దగ్గర నిలబడి చూసినవాళ్ళకి ఆ ప్రశ్న ఎందుకో చెప్పక్కర్లేదు.

వంటిల్లు గురించి కూడా చెప్పాలి. ఆ కాలపు ఫ్లాట్లలో నేను చూసినంతవరకు అన్నిటికన్నా ఇరుకైన గది అదే. ఒక మనిషి నిలబడితే రెండో మనిషి పట్టదు. గాలి వెళ్ళే దారి పక్క ఫ్లాటు గోడలోకి. ప్లాను గీసినవాళ్ళెవరూ అందులో నిలబడి పూరీలు వేయించలేదని తెలిసిపోతుంది. చూడ్డానికొచ్చిన మగవాళ్ళు హాలు కొలుస్తారు, వాళ్ళ వెంట వచ్చిన ఆడవాళ్ళు నేరుగా వంటింట్లోకి వస్తారు. గట్టు ఎత్తు చూస్తారు, కుళాయి తిప్పుతారు, సింకు కింద వంగి వాసన చూస్తారు. అసలైన తనిఖీ అక్కడే జరుగుతుంది. మా అమ్మనీ, కొనవచ్చినావిడనీ అలా వంటింట్లో వదిలేస్తే ఇంటి గురించి పావుగంటలో అంతా తేలిపోయేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ సున్నం కొట్టిన గోడ దగ్గరికి వద్దాం. లోపం దాచడం అమ్మేవాడి తెలివి, చూసుకోవడం కొనేవాడి పూచీ అని మనలో చాలామంది అనుకుంటాం. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ అలా అనడం లేదు. ఆస్తిలోగానీ హక్కులోగానీ ముఖ్యమైన లోపం ఏదైనా ఉండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూస్తే బయటపడనిదైతే, దాన్ని అమ్మేవారు చెప్పి తీరాలి. చెప్పకపోవడం మోసం కిందికి వస్తుందని అదే సెక్షన్ అంటుంది. హక్కు పత్రాలు చూపమంటే చూపాలి, అడిగిన ప్రశ్నలకి తెలిసినంతవరకు జవాబు చెప్పాలి, అమ్మకం తేదీ వరకు పన్నులు కట్టి ఉండాలి, ఒప్పందం అయిన నాటినుండి ఇల్లు అప్పగించే దాకా దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. అంటే పగులు మీద సున్నం కొడితే పగులు పోదు సరికదా, రేపు వానపడ్డాక అది మోసానికి రుజువు కూడా అవుతుంది. ఆ సంతకం మీదైతే కోర్టుకి తిరిగేది మీరు. సున్నం వేయించినవాడు రాడు.

మా ఇంట్లో ఆ గోడ సంగతి మొదట బయటపెట్టింది పనిచేసే అమ్మాయి. గదులు చూస్తున్నవాళ్ళని చూసి అమాయకంగా, "అమ్మా, గా గోడకు మల్ల సున్నమేసిండ్రా? పోయిన వానలకు మొత్తం పచ్చిగైండె గదా" అంది. బ్రోకరు మొహం చూడాలి! అమ్మ ఇక దాచలేదు. చెమ్మ ఎక్కణ్ణుండి వస్తుందో, టెర్రస్ మీద ఏ మూల నీళ్ళు నిలుస్తాయో, ఎప్పుడు బాగుచేయించారో, ఎంతయిందో, మళ్ళీ ఎప్పుడు మొదలయిందో వరసగా చెప్పింది. వాళ్ళు వెళ్ళిపోయారు, పది రోజులు జాడలేదు. తమ్ముడు అమ్మతో మాట్లాడ్డం మానేశాడు. పదకొండో రోజు వాళ్ళు ఇంజనీరుని వెంటబెట్టుకొచ్చారు. టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగుకి అయ్యే ఖర్చు లెక్కగట్టి, ఆ మేరకు ధర తగ్గించమన్నారు. తగ్గించాం. నిజం చెప్పినందుకు నష్టమే రాలేదని నేననను, వచ్చింది. కానీ ఆ రోజునుండి ఆ పెద్దాయన ప్రశ్నలన్నీ అమ్మనే అడిగాడు.

అందుకని మీకు నేనిచ్చే మొదటి సలహా, చూడ్డానికి ఎవరైనా రాకముందే ఒక నోటుపుస్తకం తీసుకోండి. నీళ్ళ వేళలు, ఏ మోటారు ఎప్పుడు మార్చారు, ఏ గోడలో ఏ వైరు పోతుంది, ఏ గొట్టం ఎన్నిసార్లు పూడిపోయింది, సొసైటీకి ఎంత కడుతున్నారు, బాకీ ఎంత, టెర్రస్ బాగుచేయడానికి ఫ్లాటుకింత అని ఎప్పుడు వసూలు చేశారు - ఇవన్నీ రాయండి. ఇవన్నీ మీకు నోటికొచ్చు. నోటికొచ్చినదాన్ని ఎవరూ జ్ఞానమనరు, కాగితం మీద ఉంటే అంటారు. బిల్లులుంటే అందులోనే అంటించండి. బాగుచేయించగలిగినవి - కారే కుళాయి, ఊడిన స్విచ్చి, తిరగని గడియ - చేయించండి. పెద్ద లోపాలకి పైపూత వేయించకండి. వాటి మీద పెట్టే డబ్బు వృథా, పైగా చూసేవాడికి కొత్త సున్నం చూస్తేనే అనుమానం.

రెండోది కాగితాలు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇంట్లో బీరువా తాళం నడుముకి దోపుకుని తిరిగే ఆడవాళ్ళు కూడా ఆ బీరువాలో ఉన్న దస్తావేజు ఎవరి పేరునుందో చెప్పలేకపోవడం నేను చూశాను. ఒకావిడకి తన పేరునే ఫ్లాటుందని వాల్యూయరు చెప్పేదాకా తెలియదు. "ఆయన ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను" అంది. ఆమె అమ్మనంటే ఆ ఇల్లు ఎవరూ అమ్మలేరు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, కొనుగోలు ద్వారా వచ్చినా వారసత్వంగా వచ్చినా హిందూ స్త్రీ తన ఆస్తికి సంపూర్ణ యజమాని. పాత రోజుల్లోలాగా బతికున్నంతకాలం అనుభవించి పోయే పరిమిత హక్కు కాదు. ఈ సంగతి తెలియని మనిషి చేత రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేయించడం ఎంత తేలికో ఊహించండి.

వకీలు అడిగేవి ఇవి: మీ పేర ఉన్న అసలు దస్తావేజు, అంతకు ముందరి లింకు దస్తావేజులు, ఇ.సి. - అంటే ఆస్తి మీద ఏయే లావాదేవీలు, తాకట్లు రిజిస్టరయ్యాయో చూపే పత్రం. తెలంగాణలో 1983 నుండి ఉన్న ఇ.సి. కంప్యూటర్లో దొరుకుతుంది, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వెతికించాలి. మునిసిపాలిటీ ఆమోదించిన ప్లాను, ఆస్తి పన్ను రసీదులు, కరెంటు, నీళ్ళ బిల్లులు. ఫ్లాటుకి నేలలో అవిభాజ్య వాటా ఎన్ని గజాలో దస్తావేజులో చూసుకోండి. పాత ఫ్లాటుకి అసలు విలువ గోడల్లో కంటే ఆ గజాల్లోనే ఎక్కువుంటుంది. బ్యాంకు అప్పు తీరిపోయినా తాకట్టు రద్దు కాగితం తెచ్చుకోకుండా వదిలేసినవాళ్ళున్నారు. ప్లానుకి మించి బాల్కనీ మూసి గది చేసుకున్నవాళ్ళు, 2007 డిసెంబరు 31న వచ్చిన జి.ఓ. 901 కింద క్రమబద్ధీకరణకి దరఖాస్తు పెట్టి ఉంటే ఆ రసీదులు, వచ్చి ఉంటే ఉత్తర్వు వెతికి పెట్టుకోండి. లేకపోతే లేదని చెప్పండి. పన్ను ఇంకా చనిపోయినాయన పేరుమీదే కడుతుంటే పేరు మార్పించుకోండి.

మా ఇంట్లో వకీలు దగ్గరికి వెళ్ళాకే అసలు కథ మొదలయింది. ఫ్లాటు నాన్న పేరున ఉంది. ఆయన వీలునామా రాయలేదు. కొనేవాళ్ళ వకీలు, "మరణ ధృవపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెటు తెండి, అమ్మగారు, కొడుకు, కూతురు ముగ్గురూ సంతకం చెయ్యాలి" అన్నాడు. తమ్ముడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అక్కదేముంది ఇందులో? దాని పెళ్ళికి పెట్టాం కదా" అన్నాడు. చదువుకున్నవాడు, పెద్ద ఉద్యోగస్థుడు, చెడ్డవాడు కూడా కాదు. కట్నం, పసుపు కుంకుమ అంటూ ఇచ్చినవేవీ కూతురి వాటాలోంచి తీసివేతలు కావు. తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే భార్య, కొడుకులు, కూతుళ్ళు, ఆయన తల్లి బతికుంటే ఆమె, అందరికీ సమానం. ఇది నిన్న మొన్న వచ్చింది కాదు, 1956 నుండి ఉంది.

ఉండీ ఎందుకు లేనట్టయిందంటే, ఆ చట్టంలోనే 23వ సెక్షన్ ఒకటుండేది. కుటుంబం పూర్తిగా నివసిస్తున్న ఇంట్లో, మగ వారసులు పంచుకుందామని అనుకునేదాకా ఆడ వారసులు పంపకం అడగరాదు. కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా పెళ్ళి కానిదైతేనో, భర్త వదిలేసినదైతేనో, వేరుగా ఉంటున్నదైతేనో, వితంతువైతేనో మాత్రమే. అంటే కూతురు పుట్టింటికి రావాలంటే ముందు ఆమె కాపురం కూలాలన్నమాట! పొలమైనా అడగొచ్చుగానీ ఇల్లు అడగకూడదు. 2005లో సవరణ చేసి ఈ సెక్షన్ తీసేశారు. దాన్ని తీసెయ్యడానికి 49 ఏళ్ళు పట్టింది.

ఉమ్మడి కుటుంబ ఆస్తి సంగతి వేరు. అందులో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కునిచ్చింది మన రాష్ట్రమే ముందు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలయింది. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళని వదిలేసింది. 2005 సెప్టెంబరు 9 నుండి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడా పాటించలేదు. ఆ రోజుకి తండ్రి బతికుండాలా అన్న వివాదం ఏళ్ళ తరబడి నడిచి, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయిన రిజిస్టరు పంపకాలని మాత్రం ఇది తిరగదోడదు. ముస్లిం కుటుంబాల్లో కూతురికి కొడుకు వాటాలో సగం, పిల్లలుంటే భార్యకి ఎనిమిదో వంతు. క్రైస్తవుల్లో 1925 చట్టం ప్రకారం వితంతువుకి మూడో వంతు, మిగిలింది కొడుకులకీ కూతుళ్ళకీ సమానం. మీ ఇంటికి ఏది వర్తిస్తుందో, కొనేవాళ్ళు రాకముందే తెలుసుకుని ఉండండి.

ఇందులో ఒక వింత ఉంది. అన్నదమ్ములు మరిచిపోయిన ఆడపడుచు పేరుని గుర్తుచేసేది చాలాసార్లు కొనేవాళ్ళ వకీలే. ఆయనకి స్త్రీల హక్కుల మీద ప్రేమేమీ లేదు, రేపు ఈమె దావా వేస్తుందేమోనని భయం. ఆ భయం పుణ్యమా అని, ఏళ్ళ తరబడి ఎవరూ అడగని సంతకం ఒక్కసారిగా అవసరమవుతుంది. అప్పుడే పుట్టింటి నుండి చీరె, పిండివంటలు, "నాలుగు రోజులుండి పోవే" అన్న పిలుపు వస్తాయి. వెళ్ళండి, పిండివంటలు తినండి. కానీ విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టేముందు అది ఏమిటో చదివించుకోండి. వాటా వదులుకోవాలనుకుంటే అది మీ ఇష్టం, తెలిసి వదులుకోండి. అమ్మకం దస్తావేజు మీద అందరితో పాటు అమ్మకందారుగా సంతకం పెట్టడం వేరు, విడుదల రాసిచ్చి తప్పుకోవడం వేరు. నేను మొదటిదే చేశాను. తమ్ముడు ఆ ఏడు రాఖీకి రాలేదు. మరుసటేడు వచ్చాడు.

విదేశాల్లో ఉన్న పిల్లల సంతకానికి జనరల్ పవర్ తెప్పిస్తుంటారు. అక్కడి నోటరీ ముందో భారత కాన్సులేటులోనో రాసి పంపినది, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఇక్కడే ఉన్న తల్లి దగ్గర, "నువ్వెక్కడ తిరుగుతావులే" అని జనరల్ పవర్ రాయించుకోవడం మాత్రం నాకు నచ్చదు. నడవలేని మనిషయితే ఇంటికే వచ్చి రిజిస్టరు చేసే వీలు కూడా చట్టంలో ఉంది.

ఇంతసేపూ ఇష్టపడి అమ్ముతున్న ఇళ్ళ గురించి మాట్లాడాను. ఇష్టం లేని అమ్మకాల మాటేమిటి? ధరంకరం రోడ్డు వెనక సందులో ఒకావిడ, టేపు పట్టుకుని ఇద్దరు మనుషులు తలుపు కొట్టేదాకా తను ఉంటున్న ఇల్లు అమ్ముతున్నారని ఎరగదు. భర్త వేరే కాపురం పెట్టి, ఇల్లు తన పేరునుంది కదా అని బ్రోకరుకి అప్పజెప్పాడు. ఆమె వాళ్ళని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. అలవాటు! తర్వాత లోపలికెళ్ళి ఏడ్చింది. ఇలాంటివాళ్ళకి నేను చెప్పేది ఒకటే. 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుండి అమలవుతున్న గృహహింస నిరోధక చట్టం, హక్కు పత్రం ఎవరి పేరునున్నా, కలిసి కాపురమున్న ఇంట్లో స్త్రీకి నివాస హక్కు ఇస్తుంది. ఆ ఇల్లు అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా ఆపమని 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుని అడగొచ్చు. అత్తమామల పేరున ఉన్న ఇల్లు కూడా సందర్భాన్ని బట్టి ఇందులోకి వస్తుందని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి, "ఈ ఇంట్లో నేను ఉంటున్నాను, అమ్మకానికి నేను ఒప్పుకోలేదు" అని ముఖాన చెప్పండి. అదీ వాళ్ళు తెలుసుకోవలసిన విషయమే. సాధారణంగా కొనేవాళ్ళు అక్కణ్ణుండే వెనక్కి తిరుగుతారు.

అద్దెకున్నవాళ్ళ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. కోచింగుల కోసం ఊళ్ళనుండి వచ్చిన ఆడపిల్లలు నలుగురైదుగురు కలిసి ఒక ఫ్లాటులో ఉండటం అమీర్‌పేటలో మామూలే. బ్రోకరు తాళం చెవి తెచ్చుకుని, చెప్పాపెట్టకుండా మగవాళ్ళని వెంటబెట్టుకుని వాళ్ళ గదుల్లోకి వెళ్ళిపోతాడు. అడిగితే "ఓనరు పంపించాడు" అంటాడు. ఆ ఓనరు మనమైనప్పుడు, ముందురోజు ఫోను చేసి, వాళ్ళకి వీలైన వేళ అడిగి పంపించడం మన బాధ్యత. మనం ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అంతే. ఎవరొస్తున్నారో, ఎంతమందో ముందే చెప్పమనండి. పక్కింటావిణ్ణి వచ్చి కూర్చోమనండి. నగలు, మందులు, బ్యాంకు పుస్తకాలు తాళం వేసి ఉంచండి. అసలు దస్తావేజులు ఎవరి చేతికీ ఇచ్చి పంపకండి. జిరాక్సు ఇవ్వండి, దాని మీద ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇచ్చారో అడ్డంగా రాయండి. కులం, మతం, "మీ ఇంట్లో ఎవరెవరుంటారు" అన్న ఆరాలు రెండువైపులా నడుస్తాయి. ముస్లిములకి, దళితులకి, ఒంటరి స్త్రీలకి ఇల్లు చూపించకుండానే "అయిపోయిందండీ" అని చెప్పేది కూడా మనలాంటి ఇళ్ళవాళ్ళేనని ఒప్పుకోవాలి.

చివరిగా డబ్బు. తెల్లగా ఇంత, నల్లగా ఇంత అన్న పద్ధతి మనకందరికీ తెలుసు. దాని వల్ల ఆడవాళ్ళకి జరిగే నష్టం మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. నగదుగా వచ్చింది మగవాళ్ళ చేతిలో పడుతుంది. దానికి లెక్క ఉండదు. తల్లికీ ఆడపిల్లకీ వాటా వచ్చేది దస్తావేజులో రాసిన మొత్తంలోనే. ఇల్లు కోటికి అమ్మి అరవై లక్షలు రాస్తే, మన మూడో వంతు అరవైలోంచి. పైగా 2015 జూన్ నుండి స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. 50 లక్షలు, ఆపైన ధరకి కొనేవారు 1 శాతం పన్ను ముందే మినహాయించి కట్టే పద్ధతి 2013లో వచ్చింది. అది సంతకం పెట్టినవాళ్ళందరి పేర, వాటాల ప్రకారం పడిందో లేదో చూసుకోండి. బయానా చెక్కు తీసుకునే రోజునే ఎవరి వాటా ఎవరి ఖాతాలోకో అగ్రిమెంటులో రాయించండి. బయానా ఇచ్చేసి ఇల్లు అప్పుడే అప్పగించమంటే ఒప్పుకోవద్దు. ఇల్లు ఖాళీ చేసి అమ్మ ఎక్కడుంటుంది అన్నది కూడా బయానా ముందే తేలాలి. మా ఇంట్లో అది చివరికి తేలింది, చాలా రాత్రుల తర్వాత.

వేళయిందని చీటీ వచ్చింది. వచ్చే ఆదివారం మూడు గంటలకి ఇక్కడే మళ్ళీ కూర్చుందాం. ఒక వకీలు మిత్రురాలు వస్తానన్నది. మీ ఇళ్ళ దస్తావేజులు తెచ్చుకోండి, ఒక్కొక్కరివి పైకి చదువుకుందాం. ఒరిజినళ్ళు ఇంట్లోనే ఉంచి, జిరాక్సులు తెండి.